గీత మీద రాయి

స్కాట్లండ్‌లోని స్టిర్లింగ్‌లో ఒక ఇల్లు. మార్చి నెల, గురువారం, సాయంత్రం అయిదు దాటింది. వంటింటి బల్ల దగ్గర చలపతి, అతని భార్య పుష్పలీల, అతని తల్లి కమలాబాయి.

"నేను పడ్డది కాదు పుష్పా విషయం. ఆ షూ అక్కడ ఎందుకుందీ అన్నది విషయం."

"షూ ఈ ఇంటికొచ్చినప్పట్నించీ అక్కడే ఉందండీ. బియ్యం బస్తా ఇవాళ వచ్చింది."

"ఇరవై కేజీల బస్తా మోసుకొస్తున్నవాణ్ణి. కింద చూసుకుంటానా?"

"అంతకుముందే చూశారుగా. బస్తాకి జాగా కావాలని నా షూ రెండూ తీసి మెట్ల కిందికి విసిరారు. ఒకటి మెట్ల కింద పడింది, రెండోది నడవలోనే ఉండిపోయింది. విసురుకి దాని రబ్బరు తొడుగు ఊడింది. తొడుగు లేకపోతే ఆ ఎడమ షూ అడుగు అద్దంలా ఉంటుంది. కర్లింగ్ ఆటలో ఐస్ మీద జారడానికే చేశారు దాన్ని."

"బాగానే చేశారు అమ్మాయ్. నేను సోఫాలోంచి చూశానుగా. వీధి తలుపు దగ్గర బయల్దేరి టీవీ దాకా వచ్చాడు. బస్తా మాత్రం వదల్లేదు."

"అమ్మా."

"మెచ్చుకుంటున్నానురా. చిన్నప్పుడు పాలగిన్నె ఇస్తే వీధి చివరే పారబోసేవాడివి."

"నడుం పట్టేసింది ఇక్కడ. రేపు నాకు ఆపరేషన్ థియేటర్ లిస్టుంది. ఎనిమిది గంటలు."

"మత్తిచ్చే డాక్టరుకి కుర్చీ ఉంటుందిగా అండీ."

"కూర్చోవడమే కష్టంగా ఉంది అంటున్నాను."

"దిండు వేసుకోండి. ఐస్ మీదయితే అంత పొడుగు జారినందుకు చప్పట్లు కొట్టేవాళ్ళం."

"అదే, అదే నేననేది. యాభై మూడేళ్ళ మనిషివి. మోకాళ్ళ మీద పాకుతూ రాయి తొయ్యడం, ఆ రాయి ముందు ఇద్దరు చీపుర్లు పట్టుకుని పరిగెత్తడం, వెనక నించి ఒకావిడ అరవడం. ఇంట్లో దుమ్ము పీల్చే హూవర్ పట్టుకోమంటే భుజం నొప్పి."

"నన్నెవరు పట్టుకోమన్నారు? ఇంటిపనుల వంతులు రాసిన రోటాలో హూవర్ మీది. ఆదివారం."

"నాదే. ఈ ఆదివారం ఆన్ కాల్ ఉన్నాను."

"ప్రతి ఆదివారం ఉంటున్నారు."

"ఆ చీపురు నాకూ చూపించిందిరా. ఈనె లేదు, పుల్ల లేదు. గుడ్డ చుట్టిన కర్ర. దాంతో మన వాకిలి ఊడిస్తే పక్కింటివాళ్ళు నవ్విపోతారు."

"అది దుమ్ము ఊడవడానికి కాదు అత్తయ్యా. ఐస్ రుద్దితే కొంచెం వేడెక్కుతుంది, రాయి ఇంకాస్త దూరం పోతుంది."

"పోనీ దాన్ని దాని మానాన వదిలేస్తే?"

"ఆగిపోతుంది."

"ఆగనీ. అందరూ ఇళ్ళకి పోవచ్చు."

"అమ్మా, నువ్వూరుకో. పుష్పా, శనివారం సంగతి తేల్చు. మాట మార్చకు."

"నేను మార్చలేదు. శనివారం ఫైనల్. పదింటికి ఐస్ మీద ఉండాలి. ఈ లీగ్‌లో పన్నెండేళ్ళనించి ఆడుతున్నాను, ఫైనల్‌కి రావడం ఇదే మొదలు. ఇందులో తేల్చాల్సింది నాకేం కనపడటం లేదు."

"శనివారం ఉగాది."

"ఉగాది ఇవాళండీ. పొద్దున్నే పచ్చడి తిని క్లినిక్‌కి డ్యూటీకి వెళ్ళాను. వేపపువ్వు లేదని మీరే కాకరకాయ తురిమారు."

"తెలుగు సంఘం ఉగాది శనివారం. రెండొందల మంది వస్తున్నారు. నేను ప్రెసిడెంట్‌ని."

"పంచాంగాన్ని కూడా పక్కకి జరిపారన్నమాట."

"వర్కింగ్ డే రోజు ఎవరొస్తారు? ఎవరి ఇంటినించి ఏం వచ్చినా రాకపోయినా, ప్రెసిడెంట్ ఇంటినించి పులిహోర వెళ్ళాలి. అది ఆనవాయితీ."

"ఎప్పట్నించి?"

"ఎప్పట్నించో."

"రెండేళ్ళనించి. మీరు ప్రెసిడెంటైనప్పట్నించి. అంతకుముందు రామకృష్ణారావుగారు చేసినన్నాళ్ళూ వాళ్ళింటినించి పేపర్ ప్లేట్లు వచ్చేవి."

"ఆయనకి పెళ్ళాం చేతివంట మీద నమ్మకం లేదు. నాకుంది. పొగిడినా తప్పేనా?"

"చూశావా అమ్మాయ్, పొగుడుతున్నాడు. నీళ్ళు తాగు."

"తాగుతున్నాను అత్తయ్యా."

"సరే, నాకొకటి చెప్పు. నవంబర్లో వచ్చినప్పట్నించీ వింటున్నాను. రాయి అంటావు, రూలు అంటావు, ఆ రూలొచ్చి నీ ఆట పోయిందంటావు, మళ్ళీ ఫైనలంటావు. ఏమిటా గోల? నాకర్థమయ్యేట్టు చెప్పు. లెక్కల టీచర్ని, రూలంటే భయం లేదు నాకు."

"అమ్మా, ఇప్పుడా?"

"ఇప్పుడే. నీ నడుం ఎలాగూ నిన్ను లేవనివ్వదుగా. కూర్చుని విను."

"ఇదిగో అత్తయ్యా, ఈ స్టీలు పళ్ళెం. దీన్ని హౌస్ అంటారు."

"ఇల్లా?"

"ఇల్లే. ఐస్ మీద గీసిన పెద్ద గుండ్రం. ఈ బల్ల చెక్కలు రెండూ కలిసేచోట అతుకు ఉంది కదా, అది మధ్య గీత. పానకానికి తెచ్చిన నిమ్మకాయలు మా రాళ్ళు. టమాటాలు వాళ్ళవి."

"నిమ్మకాయలు నలపకు. లెక్కపెట్టి తెచ్చాను."

"నలపనండీ. ఎనిమిదేసి రాళ్ళు, వాళ్ళొకటి మేమొకటి. అన్నీ అయ్యాక పళ్ళెం నడిమధ్యకి ఎవరి రాయి దగ్గరుంటే వాళ్ళకి పాయింట్లు. అది ఒక రౌండు. నేను లీడ్‌ని. జట్టులో మొదటి రెండు రాళ్ళూ నేనే వేస్తాను."

"గోళీలాటే కదే ఇది."

"ఇరవై కేజీల గోళీ. ఆ బస్తా అంత ఉంటుంది."

"ఊఁ."

"వెనకబడ్డ జట్టు ఏం చేస్తుందంటే, పళ్ళేనికి ఇవతల, గీత మీద, ఒక రాయి కాపలా పెడుతుంది. ఇదిగో ఇలా. దాని చాటున ఇంకో రాయి దాచుకుందామని."

"బావుంది."

"ముందున్న జట్టు దాన్ని ఠపీమని కొట్టి బయటికి తోసేస్తుంది. మళ్ళీ పెడితే మళ్ళీ తోసేస్తుంది. ఇదివరకు ఆటంతా అంతే. ముందున్నవాడు అలా ముందే ఉండిపోయేవాడు. చూసేవాళ్ళు థర్మాస్ తెరుచుకుని టీ తాగేవాళ్ళు."

"ఇప్పుడూ తాగేది టీయేగా."

"మీరు ఒక్క మ్యాచ్‌కి రాలేదు, మీకేం తెలుసండీ. అందుకని అత్తయ్యా, రూలు పెట్టారు. మొదటి నాలుగు రాళ్ళు పడేదాకా కాపలా రాయిని బయటికి కొట్టకూడదని. తర్వాత ఆ నాలుగు అయిదయ్యాయి."

"మరి ముందున్నవాడు ఊరుకున్నాడా?"

"ఎందుకూరుకుంటాడు? బయటికి కొట్టొద్దన్నారు. ముట్టుకోవద్దనలేదుగా. మెల్లిగా వచ్చి, ఇలా ఒరుసుకుని, పక్కకి జరుపుతాడు. చూడండి, టమాటా ఎక్కడికీ పోలేదు. బల్లమీదే ఉంది. రూలు తప్పలేదు. ఎవరూ ఏమీ అనలేరు. కానీ ఓ మూలకి పోయింది, ఇంక దేనికీ పనికిరాదు."

"ఓరి."

"దాన్ని టిక్ అంటారు. బలం అక్కర్లేదు, చెయ్యి నిదానం కావాలి. ఈ చుట్టుపక్కల నాలుగు క్లబ్బుల్లో ఆ దెబ్బకి నన్ను మించినవాళ్ళు లేరు. పన్నెండేళ్ళు జట్టులో నన్ను పెట్టుకున్నది దానికోసమే."

"అంత విద్య ఉంచుకుని ఇంట్లో ఎప్పుడూ చూపించలేదేం?"

"ఇంట్లో ఆ విద్య మీ అబ్బాయిది అత్తయ్యా."

"ఇదిగో. మొదలైంది."

"నేను తప్పు చెబుతున్నానా? మీరు నన్ను ఒక్కసారి వద్దన్నారా? లేదు. ఈ సంఘంలో అందరూ అంటారు, చలపతిగారు ఆవిణ్ణి ఎంత ఫ్రీగా వదిలేశారో అని. క్లబ్బులో ఆడుకో, బయట పోటీలు మాత్రం మన పిల్ల అనన్య హయ్యర్స్ పరీక్షలయ్యాక అన్నారు. అయ్యాయి. యూనివర్సిటీలో చేరనీ అన్నారు. చేరింది. ఇల్లు మారుతున్నాం కదా, సర్దుకోనీ అన్నారు. సర్దాను. శనివారాలు వద్దు, వారం మధ్యలో అయితే సరే అన్నారు. క్లినిక్‌లో షిఫ్టులు మార్చుకుని బుధవారం చేసుకున్నాను. బుధవారాలు సంఘం జూమ్ మీటింగ్ పెట్టారు."

"సంఘం మీటింగుకీ నీకూ ఏమిటి సంబంధం?"

"టీ ఎవరివ్వాలి?"

"ఒక్క టీ."

"ఒక్క టీయే. తోసెయ్యలేదు. జరిపారు."

"బయటికి తోసెయ్యడు, పక్కకి జరుపుతాడు. వాళ్ళ నాన్న కూడా అంతే అమ్మాయ్. నా బీఎడ్ అలాగే నాలుగేళ్ళు జరిగింది."

"అమ్మా, నువ్వు ఎవరి పక్క?"

"నేను రూలు వింటున్నాను. తర్వాతేమైందే?"

"ఆ టిక్ మీద కూడా రూలొచ్చింది. పెద్ద పోటీల్లో ఇదివరకే ఉంది, మా లీగ్‌కి ఈ సీజన్ నించి. మధ్య గీతని తాకుతున్న కాపలా రాయిని, అయిదు రాళ్ళు పడేదాకా, గీత మీంచి జరపను కూడా జరపకూడదు."

"జరిపితే?"

"జరిగిన రాయిని మళ్ళీ ఉన్నచోట పెడతారు. జరిపినవాళ్ళ రాయి ఆటలోంచి తీసేస్తారు."

"సబబుగానే ఉంది."

"సబబే. దాంతో నీ కోడలి విద్య మీద నిషేధం పడిందమ్మా. పన్నెండేళ్ళు నేర్చుకున్నది ఒక్క కాగితంతో పోయింది. అప్పుడే మానెయ్యాల్సింది. ఇంకొకావిడ మానేసిందిగా, ఎవరూ, ఆ పోస్టాఫీసావిడ."

"మానేసింది. నేను మానెయ్యలేదు. మీరు ఆగస్టులో ఏమన్నారో గుర్తుందా?"

"ఆగస్టులో చాలా అన్నాను."

"అనన్య పుట్టినరోజు. ఈ బల్ల దగ్గరే. ఆ రూలు కాగితం అప్పుడే వచ్చింది. ఈ సీజన్ ఫైనల్‌కి వెళ్తే ఉగాదొస్తుంది, అడ్డు చెప్పొద్దని నేనన్నాను. మీరు పడీపడీ నవ్వారు. ‘నీ ఆట అయిపోయింది పుష్పా, నువ్వు ఫైనల్‌కి వెళ్తే ఆ పులిహోర నేనే కలుపుతా’ అన్నారు."

"సరదాకన్నాను."

"మిగతావన్నీ కూడా సరదాకేనా?"

"అయినా ఫైనల్‌కి వెళ్తే అనలేదు. ఫైనల్ గెలిస్తే అన్నాను."

"వెళ్తే అన్నావురా. ఆ రోజు నేను ఫోన్లో ఉన్నాను. తెరమీద నీ గడ్డం ఒక్కటే కనపడింది గానీ మాట బాగానే వినపడింది."

"అమ్మా, నీకు అంత కచ్చితంగా..."

"పోనీ గెలిస్తేనే అన్నావనుకో. పదింటికి ఆట. పన్నెండున్నరకి మీ భోజనాలు. ఇది గెలిచిందని కబురొచ్చాక నువ్వు పొయ్యి వెలిగిస్తావా?"

"అందుకే అంటున్నాను, అది సరదా మాటని."

"మా వాళ్ళు రూలు మార్చాలంటే ఎండాకాలంలో మారుస్తారండీ. కాగితం పంపిస్తారు. అర్థం కాకపోతే ఒకాయన వచ్చి చెబుతాడు. అందరం తిట్టుకుంటాం, ప్రాక్టీసు చేసుకుంటాం, సెప్టెంబర్లో ఆడతాం. రాయి చేతిలోంచి వదిలాక మార్చరు."

"అబ్బా, మహా ధర్మాత్ములు. అంత మంచి రూలొచ్చి ఏం చేసింది? మొదట అన్నీ ఓడిపోయారుగా."

"నాలుగు ఓడాం. ప్రతిసారీ చెయ్యి దానంతటది పక్కకి జరపడానికే వెళ్ళేది. వాళ్ళ రాయి మళ్ళీ గీత మీద, నా రాయి బయట. మా కెప్టెన్ షీనా ఏమీ అనేది కాదు, అదింకా చిరాకు. నవంబరంతా క్లినిక్ నించి తిన్నగా ఐస్ రింక్‌కి వెళ్ళి ఒక్కదాన్నే వేసుకునేదాన్ని. ఒకరోజు తట్టింది."

"ఏమిటే?"

"వాళ్ళ రాయి నేను జరపకూడదంటే, నా రాయి వాళ్ళూ జరపకూడదు కదా అని. నాకది అన్నాళ్ళూ తట్టలేదు చూడండి. పన్నెండేళ్ళు జరపడమే తెలిసినదాన్ని, పెట్టడం ఎప్పుడూ నేర్చుకోలేదు. ఇప్పుడు గీత మీద పెడతాను. వెంట్రుకవాసి తాకినా చాలు, తాకకపోతే మాత్రం రూలు కాపాడదు. తర్వాత వాళ్ళు చుట్టూ తిరగాల్సిందే."

"అయితే ఆ రూలు నీ పీక కొయ్యడానికి కాదన్నమాట."

"ఆ సంగతి తెలియడానికి రెండు నెలలు పట్టింది అత్తయ్యా. ఇదివరకు చివరి రౌండులో రెండు పాయింట్లు ముందుంటే ఇంటికెళ్ళి పడుకోవచ్చు. ఇప్పుడు ముందున్నవాడికే గుండెదడ. సెమీస్‌లో అలాగే, రెండు వెనకుండి మూడు కొట్టాం."

"సరే, గొప్ప. వెళ్ళు అయితే. నేనేమైనా వద్దన్నానా? ఎప్పుడూ వద్దనలేదని నువ్వేగా అన్నావు. వెళ్ళు."

"వెళ్ళడానికి లిస్టులో నా పేరుండాలిగా."

"అదేమిటి?"

"లేదు. నా జాగాలో ఇంకొకావిడ ఉంది."

"ఎందుకుందే?"

"మంగళవారం షీనా ఇంటికి ఫోన్ చేసిందట అత్తయ్యా. క్లినిక్‌లో నా మొబైల్ లాకర్లో ఉంటుంది కదా, క్లబ్బులో ఈ ల్యాండ్‌లైన్ నంబరు కూడా ఇచ్చాను. ఇంట్లో ఎవరో తీశారట. శనివారం పుష్ప రాదు, ఫంక్షనుందని చెప్పారట. ఇవాళ మందుల కోసం క్లినిక్‌కి వచ్చి, కౌంటర్ దగ్గర ఆవిడే నాకు సారీ చెప్పింది. ఎంత మంచి కుటుంబం, పండగ ముఖ్యం అంది. నేను వెధవలా తలూపాను."

"ఇంక మారదా అది?"

"సాయంత్రం ఆరులోపు చెబితే పేరు మళ్ళీ రాస్తారట. ఆరయ్యాక లిస్టు మారదు."

"ఇప్పుడెంతయింది?"

"అయిదూ ఇరవై."

"మరి ఫోన్ చెయ్యక నిమ్మకాయలు దొర్లిస్తున్నావేమే?"

"చేసి ఏమని చెప్పను? మా ఇంట్లో ఒకరు రాదంటారు, ఇంకొకరు వస్తుందంటారు అనా? నేను వస్తానని చెబుతాను, రేపు నేను డ్యూటీలో ఉండగా ఇంకో ఫోన్ వెళ్తుంది. అప్పుడు నలుగురు ఆడవాళ్ళు ముగ్గురై నిలబడతారు. అందుకని కనుక్కుందామని కూర్చున్నాను. అంతే. నాకు కోపం లేదు."

"ఎవరో పొరపాటున చెప్పుంటారు."

"ఎవరండీ?"

"నన్ను చూస్తావేం? మంగళవారం నేను హాస్పిటల్లో ఉన్నాను."

"ఉన్నారు."

"మరి?"

"మా ఆటలో అంపైర్ ఉండడండీ. లీగ్ మ్యాచ్‌లకి ఎవరుంటారు? ఊడుస్తున్నప్పుడు చీపురు రాయికి తగిలితే, తగిలించినవాళ్ళే ఆగి చెప్పాలి."

"ఎవరూ చూడకపోతే అమ్మాయ్?"

"చూడకపోయినా చెప్పాలి."

"చూడకపోతే ఎందుకు చెప్పడం? అందుకే ఆ ఆట టీవీలో నాలుగేళ్ళకోసారి ఒలింపిక్స్‌లోనే వస్తుంది."

"పోయినేడు నేను చెప్పాను. చీపురు కొస తగిలింది, నాకు తప్ప ఎవరికీ తెలీదు. చెప్పాను, ఓడిపోయాం. ఆ సాయంత్రం అవతలి జట్టు మాకు టీ, స్కోన్లని తియ్యటి బన్నులు కొనిపెట్టింది. గెలిచినవాళ్ళు కొనిపెట్టాలి, అదీ పద్ధతే."

"ఆట పోగొట్టుకుని స్కోన్లు తిన్నారు. చాలా బావుంది."

"ఏమండీ, ఆ మాట మీరు చెప్పించారా?"

"చూడు పుష్పా. ల్యాండ్‌లైన్ పగలు అమ్మ తప్ప ఎవరూ తియ్యరు. అమ్మకి ఈ స్కాటిష్ యాస అర్థంకాదు. ఆవిడేదో అడిగి ఉంటుంది, అమ్మ ఏదో అనబోయి నో అనుంటుంది. అంతే జరిగుంటుంది."

"నేనా?"

"తప్పని కాదమ్మా. ఎవరైనా అంతే. ఇంగ్లీషు రాదు, వయసూ..."

"వయసు."

"ఎనభైకి దగ్గరపడ్డావు కదమ్మా."

"డెబ్భై ఎనిమిది."

"అదే అంటున్నాను. ఎవరూ నిన్నేమీ అనడం లేదు."

"నువ్వే అంటున్నావు. ఇంకెవరూ అనలేదు."

"అత్తయ్యా, వదిలెయ్యండి. ఫోన్... అదుగో, అనన్య. వీడియో కాల్. ఉండండి, ఈ సీసాకి ఆనించి పెడతాను. హలో అమ్మా."

"హ్యాపీ ఉగాది ఎవ్రీవన్. సారీ, షిఫ్ట్ ఇప్పుడే ఫినిష్ అయింది. అమ్మా, వై ఆర్ దేర్ టమాటోస్ ఎవ్రీవేర్? నాన్నా, ఆర్ యూ సిట్టింగ్ ఆన్ ఎ పిల్లో?"

"కొంచెం నడుం నొప్పి. ఏం లేదు. కోవెంట్రీలో చలెలా ఉంది?"

"అమ్మ షూ మీద కాలేసి టీవీ దాకా జారాడే."

"నో వే. ఎవరైనా వీడియో తీశారా?"

"లేదు. అనన్యా, నువ్వు కూడా ఉండగానే ఒకటి చదువుతాను. అమ్మాయ్, నా కళ్ళజోడు పెట్టె ఇలా ఇయ్యి. అద్దాలే కాదు, దాని కింద మడతపెట్టి ఉంది, ఆ చీటీ."

"అమ్మా, ఇప్పుడు అదెందుకు?"

"ఏదెందుకు? నేనింకా తియ్యనేలేదు, అదేమిటో నీకెలా తెలుసు? వినండి. ‘హలో. పుష్ప ఈజ్ నాట్ అవైలబుల్ ఆన్ సాటర్డే. ఫ్యామిలీ ఫంక్షన్. సారీ. థాంక్యూ.’ అంతా తెలుగు అక్షరాలే. సారీ దగ్గర ఆగమని పక్కన చుక్క కూడా పెట్టాడు. సోమవారం ఆ ఫోన్ మిషన్‌లో షీనా మాట వచ్చింది, రేపు మళ్ళీ చేస్తానని. వీడు విని, అది చెరిపేసి, ఇది రాసిచ్చాడు. రెండుసార్లు నాచేత చదివించాడు."

"నానమ్మా, కెమెరాకి చూపించు. ఐ కాంట్ రీడ్ ఇట్, బట్ దట్స్ నాన్న. దట్ ఈజ్ సో నాన్న. నాన్నా, రియల్లీ?"

"సంఘం పరువు ఆలోచించాను. నేను కావాలని... పుష్పా, నీతో మాట్లాడదామనే అనుకున్నాను. టైమ్ లేక."

"సోమవారం నించి ఇవాళ్టికి నాలుగు రోజులండీ."

"వాడి సంగతి వదిలెయ్. నాది విను అమ్మాయ్. నాకు అర్థంకాక చెప్పలేదు. ముప్పై రెండేళ్ళు బళ్ళో పాఠం చెప్పినదాన్ని, నాట్ అంటే ఏమిటో నాకు తెలుసు. అర్థమయ్యే చెప్పాను. పండగపూట కోడలు ఇంట్లో ఉంటే మంచిదేగా అనుకుని చెప్పాను. ఆ రాయేమిటో, నువ్వు దానికోసం ఏం పడ్డావో నాకు తెలీదు. నువ్వూ చెప్పలేదు, నేనూ అడగలేదు. చీపురు తగిలింది నాది. ఎవరూ చూడలేదు. నేనే చెబుతున్నాను."

"అత్తయ్యా."

"ఏడవకు, టైమ్ లేదు. ఎంతయింది?"

"అయిదు ముప్పావు."

"షీనాకి కలుపు. నేను మాట్లాడతాను."

"నేను మాట్లాడతాలెండి. ఇప్పుడు చెప్పగలను."

"కాదు. జరిగిన రాయిని మళ్ళీ ఉన్నచోట పెట్టాలన్నావు. జరిపిన చెయ్యే పెట్టాలి. చీటీ ఉందిగా నాకు. ఆ పెన్సిల్ ఇటియ్యి, నాట్ ఒక్కటీ కొట్టేస్తాను. ఫంక్షన్ కూడా కొట్టెయ్యనా?"

"కొట్టెయ్యి నానమ్మా."

"అమ్మా, ఇది మరీ చిన్నపిల్లల ఆటలా..."

"నాన్నా, ష్."

"మోగుతోంది. హలో. షీనా? ఐ యామ్ పుష్పాస్ మదర్ ఇన్ లా. యెస్. పుష్ప ఈజ్ అవైలబుల్ ఆన్ సాటర్డే. యెస్. ట్యూస్డే, నా... మై మిస్టేక్. సారీ. థాంక్యూ."

"ఏమంది అత్తయ్యా?"

"చాలా అంది. ఒక్క ముక్క అందలేదు. చివర్న లవ్లీ అని రెండుసార్లంది."

"మెసేజ్ పెట్టింది. ఆగండి. పేరు మళ్ళీ రాసిందట. లీడ్, పుష్ప."

"యెస్ అమ్మా. గో ఆన్."

"సరే. అయిపోయిందిగా. వెళ్ళు పుష్పా, హాయిగా ఆడుకో. నేనేం రాక్షసుణ్ణి కాదు, అన్న మాట మీద నిలబడతాను. పులిహోర నేనే కలుపుతాను. అమ్మ ఉంది. అమ్మ పోపు వేస్తే నేను కలుపుతాను. అన్నం అమ్మ వారుస్తుంది, చింతపండు అమ్మ తీస్తుంది, నేను కలుపుతాను."

"గరిటె ఎవరు పట్టుకుంటారు నాన్నా?"

"నేనేగా."

"చూశారా అత్తయ్యా. ఇప్పుడు మిమ్మల్ని."

"చూశాను. నన్నే కదా, బయటికి కాదు. కొంచెం పక్కకి."

"అమ్మా, నువ్వు కూడా ఇప్పుడు..."

"ఆ రింక్‌లో చలేస్తుందా అమ్మాయ్?"

"వేస్తుంది. గాజు వెనక కుర్చీలుంటాయి, హీటరుంటుంది. ఎందుకు?"

"నా ఊలు శాలువా తీసిపెట్టు. మేజోళ్ళు రెండు జతలు. అనన్యా, నువ్వూ విను. చలపతీ, నువ్వూ. జరిపినవాళ్ళ రాయి ఆటలోంచి తీసేస్తారంది మీ అమ్మ. మంగళవారం వీడు వేసిన రాయిని నేనే, అందుకని నేనే తప్పుకుంటున్నాను. శనివారం పొద్దున్న పుష్పతో వెళ్తాను, స్కోన్లు తిని సాయంత్రం వస్తాను. ఇరవై కేజీల బియ్యానికి రెండున్నర కేజీల చింతపండు పడుతుంది నాన్నా, రేపు సాయంత్రమే నానబెట్టుకో."